పేడ వీడియోల మీద మా ఇంటిపేరు

మా ఇంటిపేరు నాలుగక్షరాలది. ఒకప్పుడు అది మా ఊరి బడి గోడ మీద, సత్రం గుమ్మం మీద, పందెపు ఎడ్ల మెడపట్టీల మీద ఉండేది. ఇప్పుడు యూట్యూబులో, తోక ఎత్తుతున్న ఆవు బొమ్మ పైన, పసుపుపచ్చ రంగులో మెరుస్తోంది. ఈ ఘనకార్యం మా తమ్ముడిది.

వాడు పాల ట్యాంకరు నడుపుతాడు. ఈ పరాయి దేశంలో జీలాంగ్ పట్నం దాటి దక్షిణంగా, సముద్రపు గాలి తగిలేదాకా పరుచుకున్న పాడి పొలాలన్నీ వాడి దారి. పొలం పొలానికీ ఆగి పాలు ఎక్కించుకుని ఫ్యాక్టరీలో దింపుతాడు. ఆ ఉద్యోగాన్ని నేనెన్నడూ తక్కువ చేసి మాట్లాడలేదు. పనిచేసి తినడం మా ఇంట్లో మా తరంతో మొదలైంది; మొదలవడం మంచిదే. నేను వెర్రిబీలో ఒక హైస్కూల్లో లెక్కలు చెప్తాను. వాడిని చదువు వీసా మీద ఇక్కడికి రప్పించింది నేనే. నేను పెళ్లి చేసుకోలేదు. మా అంతస్తుకు తగినవాళ్లు రావడానికి మాకు ఆస్తి లేకపోయింది. ఆస్తి లేదని తెలిసి వచ్చినవాళ్లను మా నాన్న గుమ్మంలోంచే తిప్పి పంపాడు. అందువల్ల ఇంటిపేరు నాతోనే ఉండిపోయింది. దాని బాగోగులు చూడడం కూడా నా పనే అయింది.

వాడు పెట్టిన మొట్టమొదటి వీడియోలోనే "హాయ్ ఫ్రెండ్స్, వెల్కమ్ బ్యాక్" అన్నాడు. అంతకు ముందు వచ్చి వెళ్లినవాడు ఒక్కడూ లేడు. ట్యాంకరు కిటికీకి ఫోను తగిలించి తీశాడు. తెరలో సగం వాడి మోచెయ్యి, మిగతా సగం పొగమంచు. ఆ పొగమంచులో ఎక్కడో ఒక గొర్రె ఉందని వాడే చెప్పాడు కాబట్టి నమ్మాలి.

తరువాత అవి వారం వారం వచ్చాయి. పాత పాలక్యాను అడ్డంగా పెట్టి, మూతి దగ్గర కోసి ఉత్తరాల పెట్టెగా వాడుకున్న ఒక పొలం గేటు. నల్ల ప్లాస్టిక్కులో చుట్టిన గడ్డిమోపులు. శనివారం ఫుట్‌బాల్ ఆట, మైదానం చుట్టూ కార్లు నిలిపి లోపలే కూర్చుని, గోలు పడితే హారన్లు కొట్టే జనం. వర్షంలో ఒక ట్రాక్టరు. ఎండలో అదే ట్రాక్టరు. ఒక కుగ్రామంలో ప్రజల మరుగుదొడ్డి, "ఎంత నీట్‌గా మెయింటైన్ చేస్తున్నారో చూడండి ఫ్రెండ్స్" అనే వ్యాఖ్యానంతో సహా. మా ముత్తాత కట్టించిన సత్రంలో ఎవరైనా ఇలా కెమెరా పట్టుకుని తిరిగి ఉంటే కాళ్లు విరగ్గొట్టేవారు.

ఇక్కడి పల్లెల్లో ఒక అలవాటు ఉంది. ఎదురుగా కారు వస్తే స్టీరింగు మీంచి చెయ్యి తియ్యకుండా ఒక్క చూపుడువేలు పైకెత్తుతారు. అదే నమస్కారం. మా తమ్ముడు ఆ వేళ్లన్నిటినీ ఏరి, ఒకదాని వెనక ఒకటి అతికించి, వెనక సన్నాయి పెట్టి ఒక వీడియో చేశాడు. రైతు వేలు, పోస్టు వ్యాను వేలు, గొర్రెల లారీ వేలు. ఎదురుపడితే పైపంచె దించి పక్కకు నిలబడిన మనుషుల మధ్య పెరిగిన దాన్ని నేను. ఒక్క వేలి మర్యాద చూసి పొంగిపోయేంత ఆకలి వాడికి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు.

చూసేవాళ్లు వాడికి తగ్గవాళ్లే. "సూపర్ బ్రో" అని ఒకడు రాస్తాడు. "బ్రో, అక్కడ ఎకరం ఎంత?" అని గుంటూరు నుంచి ఒకడు అడుగుతాడు. ఏ వీడియో కిందైనా అదే ప్రశ్న. మరుగుదొడ్డి కింద కూడా అడిగాడు.

ఇదంతా వాడు వేరే పేరుతో చేసి ఉంటే నేను పట్టించుకునేదాన్ని కాను. కానీ ఛానెల్‌కు మా ఇంటిపేరు పెట్టాడు. పెట్టి ఊరుకోకుండా టీషర్టుల వీపు మీద ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చు వేయించాడు. ఒకనాడు వెర్రిబీలో సరుకుల కొట్లో పెసరపప్పు తీసుకుంటుంటే, కౌంటర్లో ఉండే కుర్రాడు నా కార్డు మీద పేరు చదివి పళ్లికిలించాడు.

"ఆంటీ, మీరు ఆ పేడ ఛానెల్ వాళ్లా? మా రూమ్మేట్స్ అందరం చూస్తాం ఆంటీ. ఆ టాయిలెట్ వీడియో అయితే, అబ్బా, పడీ పడీ నవ్వాం!"

వెనక వరుసలో ఉన్నవాళ్లు కూడా నవ్వారు. నేను పప్పు తీసుకుని, వీపు నిటారుగా పెట్టుకుని బయటికి వచ్చాను. పొలాలు పోయాయి, మిల్లు పోయింది, ఊళ్లో ఇల్లు ఎవరిదో అయింది. వాటికోసం నేను ఎవరి ముందూ కన్నీళ్లు పెట్టలేదు. మిగిలింది ఈ నాలుగక్షరాలు. వాటిని పేడకుప్ప మీద పెట్టనివ్వదలచుకోలేదు.

ఆ సాయంత్రమే తమ్ముడి ఇంటికి వెళ్లాను. మా మరదలు టీ పెట్టింది.

"పేరు తీసెయ్యి" అన్నాను.

"అక్కయ్యా, సబ్‌స్క్రైబర్స్ కన్ఫ్యూజ్ అవుతారు."

"అవనీ. ఇప్పుడు స్పష్టంగా ఉండి ఏం చూస్తున్నారని?"

వాడు తల గోక్కున్నాడు. వాడికి ఏదైనా కావాలంటే చిన్నప్పటి నుంచీ అదే చేస్తాడు. "సరే, ఒక డీల్. వచ్చే శనివారం సౌత్‌లో ఒక కంట్రీ షో ఉంది, పశువుల పోటీలూ అవీ. నువ్వు రా. మన ఎడ్ల గురించి కెమెరా ముందు రెండు మాటలు చెప్పు. ఆ వీకెండే నేమ్ మార్చేస్తా. ప్రామిస్."

"మార్చి ఏం పెడతావు?"

"'మిల్క్ మామ' అనుకుంటున్నా."

"నీకు సరిపోతుంది."

మా మరదలు కప్పులు తీస్తూ నవ్వింది. "మీరు రండి వదినా. మీరు తిడతారు కదా, జనానికి కావాల్సింది అదే. వ్యూస్ ఎక్కడికో పోతాయి."

మా వంశంలో నోరు విప్పితే పంచాయతీ ముగిసేది. ఇప్పుడు వ్యూసు పెరుగుతాయట. అయినా ఒప్పుకున్నాను. రెండు మాటలకు నాలుగక్షరాలు తిరిగి వస్తాయంటే అది మంచి బేరమే.

ఆ ఊరి పేరు చెప్పను. ఒక వీధి, ఒక పెట్రోలు బంకు, ఒక మైదానం. మైదానంలో రేకుల షెడ్లు. ఒక షెడ్డులో జాము సీసాలు వరుసగా పెట్టి, ఏది మంచిదో తేల్చి రిబ్బను కట్టారు. ఇంకో దాంట్లో గుమ్మడికాయలకు కట్టారు. పిల్లలు బంగాళాదుంపలకు పుల్లలు గుచ్చి చేసిన జంతువులకూ కట్టారు. రిబ్బను లేని వస్తువు ఆ ఊళ్లో నేనొక్కదాన్నే అనిపించింది. మా తమ్ముడు ప్రతి గుమ్మడికాయ ముందూ నిలబడి "ఫ్రెండ్స్, సైజ్ చూడండి" అంటూ చెయ్యి పక్కన పెట్టి కొలిచి చూపించాడు. వాడి వీపు మీద మా ఇంటిపేరు ఎండలో తళతళలాడింది.

పశువుల షెడ్డులో వాడు ట్యాంకరు ఆపే పొలాల్లో ఒకదాని యజమానురాలు ఉంది. ఇంచుమించు నా ఈడుది. వెడల్పాటి టోపీ, తక్కువ మాటలు. పాడి ఆవులు బతుకుతెరువుకు, ముచ్చటకు మాత్రం ఎర్ర ఒళ్లూ తెల్ల ముఖమూ ఉండే హియర్‌ఫర్డ్ జాతివి రెండు మూడు పెంచుతుందట. ఆ రోజు ఒక పెయ్యను పోటీకి తెచ్చింది. దానికి తలంటు పోశారు. గాలి మిషనుతో ఆరబెట్టారు. దువ్వెన పెట్టి వెంట్రుక వెంట్రుకా నిలబెట్టారు. ముఖం అయితే ఉతికి ఆరేసిన మల్లుపంచెలా ఉంది. ఆ తెలుపు కోసమే పొద్దుటి నుంచీ అవస్థ పడుతున్నానని ఆవిడ చెప్పింది. చుట్టుపక్కల పొలాలవాళ్లు కెమెరా అంటే గేటు మూసుకుంటే, వీడికి గేటు తీసింది ఈవిడేనట.

తమ్ముడు నన్ను ఆ పెయ్య పక్కన నిలబెట్టి ఫోను ఎత్తాడు.

"చెప్పక్కయ్యా, మన ఎడ్లకీ వీటికీ డిఫరెన్స్ ఏంటి?"

"మన గిత్తకు మూపురం ఉంటుంది. గంగడోలు ఉంటుంది. నడిస్తే ఠీవి ఉంటుంది. దీనికి అవేవీ లేవు. ఇది నాలుగు కాళ్ల పీట."

"అక్కయ్యా, కొంచెం పాజిటివ్‌గా..."

"పీట గట్టిదే."

ఆవిడ నా వంక చూసి తల ఊపింది. మెచ్చుకున్నాననుకుని ఉంటుంది. నా పని అక్కడితో అయిపోయింది. అక్కడే ఇంటికి బయలుదేరి ఉంటే ఈ రాత ఇక్కడే ఆగేది.

మా వైపు బండలాగుడు పందేనికి ఎడ్లు గడప దాటే ముందు ఇంటిపెద్ద వాటి నుదుట పసుపు రాసి, కుంకుమ పెడతాడు. బొట్టు లేకుండా వెళ్లే ఎద్దు దిక్కులేని ఎద్దు. మా తాత పెట్టేవాడు, మా నాన్న పెట్టేవాడు, మగపిల్లలు వెనక పళ్లెం పట్టుకునేవాళ్లు. మా తమ్ముడు పుట్టేనాటికి మా కొట్టంలో ఎడ్లు లేవు, అసలు కొట్టమే లేదు. వాడికి తెలిసిందంతా నా నోట విన్నదే. విన్నదాన్ని చూసినదానిగా చెప్పడం మాత్రం వాడికి బాగా వచ్చు. అప్పటికే కెమెరాకు, "మా ఇంట్లో ఇది సెంచరీస్ నుంచి ట్రెడిషన్ ఫ్రెండ్స్" అని మొదలుపెట్టాడు.

మరదలి సంచిలో పసుపు, కుంకుమ భరిణెలు ఉన్నాయి. వాడు పెయ్య యజమానురాలి దగ్గరికి వెళ్లి, పోటీకి వెళ్లే పశువును మా ఇంట్లో దీవించి పంపుతాం, దీన్నీ దీవించనా అని ఇంగ్లీషులో అడిగాడు.

"గో ఆన్, దెన్" అంది ఆవిడ. దీవెన అంటే తల నిమరడమో, పెదవులు కదపడమో అనుకుని ఉంటుంది. దీవెనకు రంగు ఉంటుందని ఆవిడకు ఎవరు చెప్పారు? ఆవిడ తోలు పగ్గం తేవడానికి అటు తిరిగింది.

"నువ్వు పెట్టక్కయ్యా, పెద్దదానివి" అన్నాడు వాడు.

"మన కొట్టంలో పుట్టని పశువుకు మన చెయ్యి పడదు. నాన్న బంధువుల ఎడ్లకు కూడా పెట్టలేదు."

"అయితే నేనే పెడతా."

చిటికెన వేలంత చుక్క పెడతాడనుకున్నాను. మా ఇంట్లో అంతే. వాడు సీసాలో నీళ్లు పోసి పసుపు ముద్ద చేసి, మూడు వేళ్లూ ముంచి, నుదుటి నుంచి ముట్టె దాకా లాగాడు. సినిమాలో దేవరపోతుకు పూసినట్టు పూశాడు. దాని మీద రూపాయంత కుంకుమ. మా మరదలు ఫోను పట్టుకుని తీస్తోంది. పెయ్య పాపం, కదలకుండా నిలబడింది.

ఆవిడ ఇటు తిరిగింది. పగ్గం చేతిలోనే ఉంది. పెయ్య ముఖం చూసింది.

"వెల్," అంది. "దట్స్ డిఫరెంట్."

ఈ దేశంలో ఇల్లు తగలబడినా ఇదే మాట అంటారు. ఆ వెంటనే బకెట్టు, సబ్బు అందుకుంది. "సబ్బు వద్దు, సబ్బు పెట్టకండి!" అని నేను అరిచాను. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో, పసుపు బట్ట ఉతికిన ఏ తెలుగు ఆడదాన్ని అడిగినా చెప్తుంది. ఆవిడకు ఎలా తెలుస్తుంది? అప్పటికే నురగ తెల్లముఖమంతా పరుచుకుంది. నురగ కడిగేసరికి పసుపు పోయి ఎరుపు మిగిలింది. కంటి నుంచి కంటికి, కింద ముక్కు దాకా, ఇటుకరాయి రంగు. లోపలికి రమ్మని మైకులో పిలుస్తున్నారు.

ఆవిడ చేతులు తుడుచుకుని, టోపీ సర్దుకుని, ఆ ఎర్రముఖం పెయ్యను పట్టుకుని బరిలోకి నడిచింది. న్యాయనిర్ణేత టై కట్టుకున్న పెద్దమనిషి. పెయ్యల చుట్టూ తిరిగి కాళ్లు చూశాడు, వెన్ను చూశాడు, దీని ముఖం దగ్గర ఒక్క క్షణం ఆగి ముందుకు కదిలాడు. చివరికి దాన్ని వరుసలో ఆఖరున నిలబెట్టాడు. కాళ్ల వల్లనో ముఖం వల్లనో ఆయన చెప్పలేదు. కంచె పట్టుకుని చూస్తున్నవాళ్లకు మాత్రం అనుమానం లేదు.

"ఎవరు చేశారు ఆ పని?" అని ఒక ముసలాయన అడిగాడు.

"అదుగో ఆయన. పేరు వీపు మీదే ఉంది" అన్నాడు పక్కవాడు. ఇద్దరూ మెడలు చాచి మా ఇంటిపేరును కూడబలుక్కున్నారు. మొదటి అక్షరం వచ్చింది, మిగతావి నలిగిపోయాయి. మా పేరును ఎవరైనా అంత శ్రద్ధగా చదవడం చూసి ఎన్నాళ్లయిందో. చదవడానికి కారణం ఇదీ.

తిరిగి చూస్తే తమ్ముడు లేడు. కార్ల దగ్గర దొరికాడు. చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు. కుట్లు బయటికి, పేరు లోపలికి. చేతిలో ఫోను.

"అక్కయ్యా, నువ్వు గెలిచావు. ఇప్పుడే తీసేస్తున్నా నేమ్. వీడియో కూడా డిలీట్. పదండి, వెళ్లిపోదాం. మళ్లీ ఆవిడ పొలానికి వెళ్లకుండా రూట్ మార్చమని అడుగుతా."

నేను ఏ మాట కోసం అంత దూరం వచ్చానో ఆ మాటే అది. ఒప్పుకోవచ్చు. వాడు నొక్కితే చాలు, వెర్రిబీలో నేను తలెత్తుకుని పప్పు కొనుక్కోవచ్చు. కానీ వాడి భుజం మీద బయటికి వేళ్లాడుతున్న ఆ దారపు పోగులు చూస్తే నాకు ఒళ్లు మండింది. మా వాళ్లు పొలాలు తాకట్టు పెట్టారు, దావాలు ఓడిపోయారు, తాగి నోరు పారేసుకున్నారు. ఎన్ని వెధవ పనులు చేసినా, చేసినవాడు ఎవడని ఊరు అడిగితే పేరు దాచుకున్నవాడు లేడు.

"ఫోను లోపల పెట్టు" అన్నాను. "చొక్కా సరిగా తొడుక్కో."

"అక్కయ్యా, అందరూ చూస్తున్నారు..."

"చూడనీ. మొన్న పేరు తియ్యమంటే సబ్‌స్క్రైబర్లు అన్నావు. ఇప్పుడు తీస్తావా? పెయ్య ముఖం పాడుచేసి పేరు లోపలికి తిప్పుకునే మగాడు మన ఇంట్లో పుట్టలేదు. తొడుక్కో."

మా మరదలు మెల్లగా, "తొడుక్కోండి. వదిన అరిస్తే ఇంకా ఎక్కువమంది చూస్తారు" అంది. ఆ ఇంట్లో తెలివి ఎక్కడుందో నాకు అప్పుడు తెలిసింది.

వాడు రెండు కార్ల సందులో నిలబడి చొక్కా తిప్పుకున్నాడు. ముగ్గురం షెడ్డుకు తిరిగి వెళ్లాం. ఆవిడ ఒక పీట మీద కూర్చుని పెయ్య ముఖం తడి గుడ్డతో రుద్దుతోంది. నేను ముందుకు వెళ్లి మా ఇంటిపేరు చెప్పాను. ఈ దేశంలో నన్ను ఎవరూ ఆ పేరుతో పరిచయం చేసుకోమనలేదు. స్కూల్లో పిల్లలు ఇంటిపేరు మొదటి అక్షరానికి 'మిస్' తగిలించి పిలుస్తారు, అంతే. ఆ రోజు మాత్రం నాలుగక్షరాలూ విడివిడిగా పలికాను.

"మీ పశువుకు ఈ నష్టం చేసింది మా ఇల్లు. మా తమ్ముడు క్షమాపణ చెప్తాడు."

వాడు చెప్పాడు. చెవుల దాకా ఎర్రబడి, తడబడుతూ, ఫోను లేని చేతులు ఏం చెయ్యాలో తెలియక చెప్పాడు. నేను చూసిన వాడి ప్రదర్శనలన్నిటిలో అదొక్కటే బాగుంది. దాన్ని ఎవరూ తియ్యలేదు.

ఆవిడ మా పేరు పలకాలని చూసింది. తప్పింది. మళ్లీ చెప్పమంది. చెప్పాను. ఈసారి ఇంచుమించు సరిగా పలికింది.

"ఇది ఎప్పుడు పోతుంది?" అని పెయ్య ముఖం చూపించింది.

"ఎండలో కట్టండి. పసుపును తినేది ఎండే. సబ్బు మాత్రం మళ్లీ పెట్టకండి. కొంచెం నూనె రాసి తుడవండి" అన్నాను.

"ఈయన వీడియోలు నేను చూస్తుంటాను. ఒక్క ముక్క అర్థం కాదు" అంది ఆవిడ. తరువాత తమ్ముడి వంక తిరిగి, "ఇది కూడా పెడతావా?" అని అడిగింది.

వాడు నా వంక చూశాడు.

"పెడతాడు" అన్నాను.

"దీన్ని ఆఖరున నిలబెట్టినప్పటిది కూడా?"

"అన్నీ."

"మంచిది" అని ఆవిడ మళ్లీ గుడ్డ తడుపుకుంది. క్షమించిందో లేదో చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగి తెచ్చుకునేది కాదది.

మరునాడు మధ్యాహ్నం తమ్ముడి ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చున్నాం. వీడియో వాడి మిగతా వాటికంటే మెరుగేమీ కాదు. గుమ్మడికాయలు అనవసరం. నా పీట మాట దగ్గర వాడు పగలబడి నవ్వే ముఖం బొమ్మ ఒకటి పెట్టాడు, చూసి పళ్లు కొరుక్కున్నాను. పసుపు పూసే చోట తెర ఊగింది. తరువాత, కంచె దగ్గరి నుంచి మా మరదలు తీసిన ఆ ఎర్రముఖం, వరుసలో ఆఖరున, ఆవిడ టోపీ కింద కదలని పెదవులు.

"పూసే బిట్ కట్ చెయ్యనా అక్కయ్యా?"

"వద్దు."

"కింద ఏమని రాయను?"

"జరిగింది రాయి. తప్పు మాదే అని రాయి."

వాడు రాశాడు. తప్పులు దిద్దించాను. ఆ తరువాత వాడి చెయ్యి ఆవు బొమ్మ మీద, పసుపుపచ్చటి నాలుగక్షరాల దగ్గర ఆగింది.

"మరి నేమ్? డీల్ డీలే అక్కయ్యా. నువ్వు వచ్చావు, మాట్లాడావు."

"ఉండనీ."

"పోనీ, ఈ ఒక్క వీడియోకి లెటర్స్ కొంచెం చిన్నవి చెయ్యనా? ఎవరూ పెద్దగా నోటీస్ చెయ్యరు."

"పెద్దవి చెయ్యి" అన్నాను.